నిందపడిన తల్లులు, నిలబడిన సంఘాలు

మూడేళ్ళు నిండిన పిల్లవాడు ఇంకా "అమ్మా" అని పిలవడు. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడడు. బొమ్మ బండి ఇస్తే నేలమీద నడపడు. తలకిందులుగా పట్టుకుని చక్రం ఒక్కటే గంటసేపు తిప్పుతూ కూర్చుంటాడు. కుక్కరు కూత వినగానే చెవులు మూసుకుని గోడకు అతుక్కుపోతాడు. హోసూరులో కానీ, బెంగుళూరులో కానీ, బరంపురంలో కానీ, షోలాపూరులో కానీ, యానాంలో కానీ, ఏ తెలుగింట ఇది జరిగినా మొదట వినపడే మాట అవ్వది. "మగబిడ్డలకు మాట ఆలస్యమే. వాళ్ళ తాత నాలుగేండ్లకు గానీ నోరు తెరవలేదు" అంటుంది. రెండో మాట చుట్టాలది. "ఒక్కడే బిడ్డని ముద్దు చేసి పాడుచేశారు" అంటారు. మూడో మాట ఎవరూ పైకి అనరు కానీ అందరి చూపుల్లోనూ ఉంటుంది. తల్లి సరిగా పెంచలేదన్నది ఆ మాట.

ఈ మూడో మాటకు ఒక చరిత్ర ఉంది. అది మన వీధుల్లో పుట్టిన మూఢనమ్మకం మాత్రమే అనుకుంటే పొరపాటు. అమెరికాలోను ఐరోపాలోను పేరుమోసిన పండితులు దాదాపు ఇరవై ఏళ్ళ పాటు అదే మాటను శాస్త్రమని చెప్పి తల్లుల నెత్తిన పెట్టారు. ఆ నిందను దింపడంలో ముందు నడిచినవాళ్ళు ఆ తల్లిదండ్రులే. ఒకరింటి ముందుగదిలో కూర్చుని, ఉత్తరాలు రాసుకుని, చందాలు పోగుచేసుకుని, సంఘాలు కట్టి దింపారు. తెలుగు రాష్ట్రాల సరిహద్దులకు ఇవతల, సంఘాలు కట్టుకునే తమ భాషనూ పండుగలనూ కాపాడుకుంటూ వచ్చిన మనవంటి వారికి ఆ కథతో కొంత పని ఉంది. అందుకే ఈ వ్యాసం.

ఆటిజం అనే మాటకు మూలం "తాను" అనే అర్థమిచ్చే గ్రీకు పదం. స్విట్జర్లాండు వైద్యుడు యూజీన్ బ్లాయిలర్ 1911లో స్కిజోఫ్రీనియా రోగుల గురించి రాసిన గ్రంథంలో, తమలో తాము ముడుచుకుపోయే లక్షణానికి ఈ మాట వాడాడు. పిల్లల్లో దీన్ని ఒక ప్రత్యేక స్థితిగా వర్ణించి లోకం దృష్టికి తెచ్చినవాడు లియో కానర్. ఆయన అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో, జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో పిల్లల మానసిక వైద్యుడు. 1943లో ఆయన ప్రచురించిన వ్యాసంలో 11 మంది పిల్లలున్నారు. 8 మంది మగపిల్లలు, 3 ఆడపిల్లలు.

ఆ పదకొండుమందిలో మొదటివాడు డొనాల్డ్ ట్రిప్లెట్. మిసిసిపి రాష్ట్రంలో ఫారెస్ట్ అనే చిన్న ఊరు వాళ్ళది. 1937లో డాక్టర్ల మాట విని, అమ్మానాన్నలు నాలుగేళ్ళయినా నిండని ఆ పిల్లవాణ్ణి దూరంగా ఒక సంస్థలో ఉంచారు. మరుసటి ఏడు మనసు ఒప్పక ఇంటికి తెచ్చుకున్నారు. 1938లో తండ్రి కానర్‌కు 33 పేజీల ఉత్తరం పంపాడు. పిల్లవాడు ఏం తింటాడు, దేనికి భయపడతాడు, ఏ మాటను ఎలా తిప్పి అంటాడు, ఏ వస్తువును ఎలా గిరగిరా తిప్పుతాడు అన్నీ అందులో రాశాడు. ఆటిజం గురించిన వైద్యశాస్త్రం అంతా ఒక తండ్రి రాసిన ఉత్తరంతో మొదలైందంటే అతిశయోక్తి కాదు.

డొనాల్డ్ తరువాతి జీవితం మరింత ముఖ్యమైనది. కొన్నేళ్ళు అతణ్ణి ఒక రైతు దంపతుల ఇంట ఉంచారు. ఆ రైతు చదువుకున్న మనోవైద్యుడేమీ కాదు. పిల్లవాడికి కొలవడం పిచ్చి అని గమనించి, బావి తవ్వుతున్నప్పుడు లోతు కొలిచి చెప్పమనేవాడు. లెక్కపెట్టడం పిచ్చి అని చూసి, మొక్కజొన్న సాళ్ళు దున్నుతూ లెక్కపెట్టుకోమనేవాడు. పిల్లవాడు సాళ్ళు లెక్కపెడుతూ గుర్రాన్ని తోలి నేల దున్నాడు. కానర్ వచ్చి చూసి ఆశ్చర్యపోయాడు. తరువాత డొనాల్డ్ ఊరి బడిలో చదివాడు, కళాశాలకు వెళ్ళాడు, ఊరి బ్యాంకులో ఉద్యోగం చేశాడు, గోల్ఫ్ ఆడాడు, దేశదేశాలు తిరిగి వచ్చాడు. అతని జీవితం గురించి రాయడానికి 2010 ప్రాంతంలో పాత్రికేయులు వెళితే, ఆ ఊరివాళ్ళు "మావాణ్ణి నొప్పించేలా ఏమన్నా రాస్తే ఊరుకోం" అన్న ధోరణిలో మాట్లాడారట. 2023లో, 89 ఏళ్ళ వయసులో డొనాల్డ్ కన్నుమూశాడు. అతని తల్లి వైపువారికి ఆ బ్యాంకులో వాటా ఉందన్న సంగతి మరచిపోకూడదు. కలిగిన ఇల్లు కాబట్టి కొన్ని తలుపులు సులువుగా తెరుచుకున్నాయి. కానీ ఊరంతా "మావాడు" అనుకోవడానికి డబ్బొక్కటే కారణం కాదు.

ఈ మంచి ఉదాహరణ కళ్ళముందే ఉండగా శాస్త్రం వేరే దారి పట్టింది. కానర్ తన మొదటి వ్యాసంలో ఇది పుట్టుకతో వచ్చే స్థితి అన్నాడు. అదే వ్యాసంలో, ఈ పిల్లల తల్లిదండ్రుల్లో ఆప్యాయత గలవారు తక్కువ అని కూడా ఒక మాట వేశాడు. 1949లో ఇంకో అడుగు వేసి, ఈ పిల్లలు మంచు కరగని రిఫ్రిజిరేటర్లలో పెరిగినవారని పోల్చాడు. ఆ పోలిక పత్రికలకెక్కి "రిఫ్రిజిరేటర్ తల్లి" అనే పేరు స్థిరపడింది. చికాగోలో పిల్లల పాఠశాల నడిపిన బ్రూనో బెటెల్‌హైమ్ దీన్ని కొసదాకా తీసుకుపోయాడు. ఆయన వైద్యుడు కాడు. 1938-39లో నాజీ నిర్బంధ శిబిరాల్లో బాధలు పడి బయటపడినవాడు. శిబిరంలో ఖైదీ ఎలా ముడుచుకుపోతాడో, ప్రేమలేని తల్లి దగ్గర బిడ్డ అలా ముడుచుకుపోతాడని వాదించాడు. 1967లో వచ్చిన ఆయన పుస్తకం విశేషంగా అమ్ముడుపోయింది. దీనికి మందేమిటంటే బిడ్డను తల్లికి దూరం చేయడం! రాత్రింబవళ్ళు నిద్రలేక బిడ్డను కాచుకున్న తల్లి డాక్టరు దగ్గరికి పోతే, జబ్బు నీలోనే ఉందమ్మా అని చెప్పి పంపిన కాలం అది.

ఈ వాదాన్ని గట్టిగా ఎదిరించిన పుస్తకం 1964లో వచ్చింది. రాసినవాడు బెర్నార్డ్ రిమ్లాండ్, అమెరికా నౌకాదళంలో మనస్తత్వ నిపుణుడు. అతని కొడుక్కు ఆటిజం. దొరికిన పరిశోధనలన్నీ చదివి, ఇది మెదడుకు సంబంధించిన స్థితి, తల్లి ప్రేమకు సంబంధించినది కాదు అని నిరూపించడానికి పూనుకున్నాడు. ఆ పుస్తకానికి ముందుమాట రాసినవాడు కానరే. పుస్తకం చివర ఒక ప్రశ్నావళి ఉంది. దాన్ని నింపి దేశం నలుమూలల నుంచి తల్లిదండ్రులు రిమ్లాండ్‌కు పంపడం మొదలుపెట్టారు. అప్పటిదాకా ఒక్కొక్కరూ తామే ఒంటరివాళ్ళమనుకున్నారు. ఆ ఉత్తరాల పుణ్యమా అని ఒకరి చిరునామా ఒకరికి తెలిసింది. 1965 నవంబరులో న్యూజెర్సీ రాష్ట్రంలోని టీనెక్ అనే ఊళ్ళో ఒకరింట్లో సమావేశమై జాతీయ సంఘం స్థాపించుకున్నారు.

ఇంగ్లండులో ఈ పని మూడేళ్ళ ముందే జరిగింది. 1962లో లండన్‌లో కొందరు తల్లిదండ్రులు ఒకరింట్లో కూడి సంఘం పెట్టారు. వారిలో లోర్నా వింగ్ అనే ఆమె స్వయంగా మానసిక వైద్యురాలు, ఆటిజం ఉన్న ఆడపిల్లకు తల్లి. ఆటిజం ఒకే అచ్చులో పోసినట్టుండదు, ఒక్కొక్కరిలో ఒక్కో మోతాదులో ఉంటుంది అనే నేటి అవగాహనకు తరువాతి కాలంలో పునాది వేసింది ఆమె. 1963లో ఆ సంఘం పెట్టుకున్న గుర్తు ముక్కలు కలిపే బొమ్మలోని ఒక ముక్క. దాన్ని గీసింది కూడా ఒక తండ్రే. సిబిల్ ఎల్గర్ అనే ఉపాధ్యాయిని మొదట తన ఇంటి అడుగు గదిలో ఈ పిల్లలకు పాఠాలు చెప్పేది. 1965లో సంఘం ఈలింగ్‌లో ఒక ఇల్లు తీసుకుని ఆమె చేత బడి పెట్టించింది. బీటిల్స్ పాటగాడు జాన్ లెనన్ కూడా దానికి విరాళమిచ్చాడు. పిల్లలు పెద్దవాళ్ళయ్యారు. పెద్దయిన తరువాత ఎక్కడ ఉండాలి? 1974లో అదే సంఘం పెద్దవారి కోసం సోమర్సెట్‌లో ఒక నివాసం తెరిచింది. బడి, ఆ తరువాత పని, ఆ తరువాత గూడు. ఏ దేశంలో చూసినా ఈ సంఘాల పని ఇదే వరుసలో పెరిగింది. పిల్లల వయసే దాన్ని నడిపింది.

1969లో వాషింగ్టన్ నగరంలో అమెరికా సంఘం సమావేశానికి కానర్ వచ్చాడు. అప్పటికి ఆయన డెబ్బై అయిదేళ్ళ వృద్ధుడు. తల్లిదండ్రులుగా మీమీద ఏ దోషమూ లేదని, నిండు సభలో చెప్పాడు. ఇరవై ఏళ్ళ క్రితం తన కలం నుంచి జారిన పోలిక ఎన్ని ఇళ్ళలో నిప్పు పోసిందో, ఆ సభలో కూర్చున్న తల్లులకు తెలుసు.

నింద పోయిన తరువాత అసలు పని మొదలైంది. చికాగోలో బెటెల్‌హైమ్ పద్ధతిని దగ్గరగా చూసిన ఎరిక్ షోప్లర్ దానికి సరిగ్గా ఎదురుదారి పట్టాడు. నార్త్ కరొలైనాలో ఆయన తల్లిదండ్రులను చికిత్సలో భాగస్వాములను చేశాడు. పిల్లవాడికి మాటకంటే బొమ్మ త్వరగా అందుతుంది కాబట్టి, పొద్దున లేచినప్పటి నుంచి ఏ పని తరువాత ఏ పనో బొమ్మల వరుసగా గోడకు పెట్టి చూపడం వంటి పద్ధతులు అక్కడ రూపొందాయి. తల్లిదండ్రుల పట్టుదల వల్ల 1972లో ఆ రాష్ట్ర శాసనసభ ఈ కార్యక్రమాన్ని రాష్ట్రమంతటికీ వర్తింపజేసింది. వైకల్యమున్న పిల్లలందరికీ ప్రభుత్వ బడిలో చదువు హక్కు అనే చట్టం 1975లో అమెరికాలో వచ్చింది. దాని వెనుకా ఈ సంఘాల శ్రమ ఉంది.

ఈ సంఘాలు తప్పులే చేయలేదని కాదు. నయమవుతుందన్న ఆశతో కొందరు తల్లిదండ్రులు ఆధారం లేని వైద్యాల వెంట పడ్డారు. 1998లో లండన్ నుంచి వెలువడిన ఒక వ్యాసం టీకాలకూ ఆటిజానికీ ముడిపెట్టింది. దాన్ని నమ్మి పిల్లలకు టీకాలు మానినవారున్నారు. 2010లో ఆ పత్రికే వ్యాసాన్ని ఉపసంహరించుకుంది. ఇంకో సంగతి. చాలాకాలం తల్లిదండ్రులే మాట్లాడారు. ఆటిజం ఉన్నవారి గొంతు వినపడలేదు. 1993లో టొరంటోలో ఒక సమావేశంలో, స్వయంగా ఆటిజం ఉన్న జిమ్ సింక్లెయిర్, మమ్మల్ని చూసి ఏడవడం మానండి, మేమున్నట్టుగా మమ్మల్ని ఒప్పుకోండి అని తల్లిదండ్రులకు చెప్పాడు. ఆ మాట వినడం సంఘాలకు కష్టమైంది కానీ, విన్న తరువాత వాటి చూపు మారింది.

ఇక మన దేశం సంగతి. మనకు చాలాకాలం ఆటిజం అనే పేరే లేదు. బుద్ధిమాంద్యం అన్నారు, లేదా పిచ్చి అన్నారు. బుద్ధిమాంద్యం ఉన్నవారి కోసం 1984లో కేంద్ర ప్రభుత్వం సికింద్రాబాదులో ఒక జాతీయ సంస్థ స్థాపించింది. పేరు మార్చుకుని ఇప్పటికీ నడుస్తున్న ఆ సంస్థ ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చింది, తల్లిదండ్రులను కూడగట్టింది. ఆటిజాన్ని అంచనా వేయడానికి మన దేశ పరిస్థితులకు తగిన 40 అంశాల కొలమానం తయారుచేసింది కూడా ఆ సంస్థే. 2016 నుంచి ఆటిజం ధ్రువపత్రానికి ఆ కొలమానం ఆధారమైంది.

ఆటిజం పేరుతోనే సంఘం పెట్టినవారు ఢిల్లీలో మెర్రీ బారువా. కొడుకు కోసం దేశమంతా తిరిగి విసిగిన ఆమె 1991లో "యాక్షన్ ఫర్ ఆటిజం" ప్రారంభించారు. కొద్ది ఏళ్ళలో ఒక బడి వచ్చింది, ఒక పత్రిక వచ్చింది. 2000 నుంచి తల్లీబిడ్డలు కలిసి వచ్చి మూడు నెలలు నేర్చుకునే పద్ధతి పెట్టారు. దూరప్రాంతాల నుంచి తల్లులు గది అద్దెకు తీసుకుని ఉండి నేర్చుకుని, తమ ఊళ్ళకు తిరిగి పోయారు. తల్లి నేర్చుకుంటే ఆ ఊరికి ఒక గురువు వచ్చినట్టే. అలా నేర్చుకుని పోయినవారు కొందరు తమ ఊళ్ళలో కేంద్రాలు పెట్టారు. 1995లో దేశంలోని తల్లిదండ్రుల సంఘాలన్నీ కలిసి "పరివార్" అనే సమాఖ్యగా ఏర్పడ్డాయి. దాని కార్యస్థానం మన బెంగుళూరు.

అదే 1995లో వికలాంగుల చట్టం వచ్చింది. అందులో ఏడు రకాల వైకల్యాలు చెప్పారు. ఆటిజం లేదు. లేకపోతే ఏమవుతుంది అంటారేమో. ధ్రువపత్రం రాదు. ధ్రువపత్రం లేకపోతే రైలు రాయితీ లేదు, పింఛను లేదు, బడిలో మినహాయింపు లేదు. చాలామంది తమ బిడ్డకు బుద్ధిమాంద్యం అని రాయించుకుని కాగితం తెచ్చుకోవలసి వచ్చింది. తల్లిదండ్రుల సంఘాలు పట్టువిడవక తిరిగిన ఫలితంగా 1999 చివర నేషనల్ ట్రస్ట్ చట్టం వచ్చింది. మన కేంద్ర చట్టాల్లో ఆటిజం పేరు చోటుచేసుకున్నది అక్కడే. ఈ చట్టానికి మూలం తల్లిదండ్రులను నిద్రపోనివ్వని ఒకే ప్రశ్న: "మా తరువాత ఎవరు?" పద్దెనిమిదేళ్ళు దాటిన బిడ్డకు సంరక్షకుణ్ణి నియమించే అధికారం జిల్లా కలెక్టరు అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీకి ఈ చట్టం ఇచ్చింది. కోర్టుల చుట్టూ తిరిగే పని తప్పింది. నిరామయ అనే పథకం కింద లక్ష రూపాయల వరకు ఆరోగ్య బీమా కూడా ఈ ట్రస్ట్ ద్వారా వచ్చింది. 2016లో వచ్చిన కొత్త చట్టం 21 వైకల్యాలను గుర్తించింది. వాటిలో ఆటిజం ఒకటి. 6 నుంచి 18 ఏళ్ళ వరకు ఉచిత విద్య, ప్రభుత్వోద్యోగాల్లో కొంత వాటా దాని వల్ల హక్కులయ్యాయి.

పిల్లల సంఖ్య తక్కువేమీ కాదు. 2018లో వెలువడిన ఒక సర్వేలో హైదరాబాదు, ఒడిశాలోని ఢెంకనాల్ సహా అయిదు చోట్ల రెండు నుంచి తొమ్మిదేళ్ళ పిల్లలను పరీక్షించారు. సుమారు నూటికి ఒకరికి ఆటిజం ఉన్నట్టు తేలింది. ఆ లెక్కన మన సంఘాల ఉగాది సభకు వచ్చే కుటుంబాల్లోనూ ఈ పిల్లలు ఉండి తీరాలి. మనకు కనపడడం లేదంటే, వారిని ఇంట్లో ఉంచి ఒకరు కాపలా ఉన్నారని అర్థం.

ఇక్కడే మనకు మాత్రమే ఉన్న చిక్కు ఒకటి చెప్పాలి. మన ఇంట్లో తెలుగు. వీధిలో కన్నడమో తమిళమో ఒడియానో మరాఠీయో. బడిలో ఇంగ్లీషు. బిడ్డకు మాట రాలేదని తీసుకుపోతే, చాలాచోట్ల మొదట వచ్చే సలహా, "ఇన్ని భాషలు వద్దు, ఒకే భాష మాట్లాడండి" అని. ఆ ఒక్కటి ఏది? చికిత్స జరిగే భాష, అంటే ఇంగ్లీషో ఆ రాష్ట్ర భాషో. తొలగిపోవలసింది తెలుగు. తల్లి ఆ మాట వేదవాక్కుగా తీసుకుంటుంది. తనకు సరిగా రాని ఇంగ్లీషులో "కమ్, సిట్, ఈట్" అంటుంది. మూడు మాటల తరువాత ఆమెకే మాట తోచదు. అవ్వకు ఆ మూడూ రావు కాబట్టి ఆమె మనవడితో మాట్లాడడమే మానేస్తుంది. జోలపాట ఆగిపోతుంది. మాట రావాలని తీసుకున్న జాగ్రత్త ఆ ఇంట్లో ఉన్న మాటనే తగ్గించేస్తుంది.

ఈ సలహాకు ఆధారం ఉందా? 2012లో కెనడాలో జరిపిన పరిశోధనల్లో, రెండు భాషలు వింటూ పెరిగే ఆటిజం పిల్లలకు, ఒకే భాష వినేవారికంటే మాట అదనంగా ఆలస్యమైన దాఖలా కనిపించలేదు. తరువాత మరికొన్ని దేశాల్లో చూసినవారూ ఇదే చెప్పారు. 2013లో అమెరికాలోని చైనీయ తల్లులతో మాట్లాడిన ఒక పరిశోధకురాలికి, మన ఇళ్ళలో జరిగేదే అక్కడా కనిపించింది. బిడ్డ బాగుకోసమని సొంత భాష పక్కనపెట్టి, రాని భాషలో తడుముకున్నారు ఆ తల్లులు. ప్రతి బిడ్డా ఒకటి కాదు, నిపుణుల సలహా అవసరమే. కానీ తెలుగు మాట్లాడినందువల్ల బిడ్డకు ఆటిజం రాదు, ఎక్కువా కాదు. తల్లిని నిందించిన కాలం పోయింది. తల్లిభాషను నిందించే కాలం కూడా పోవాలి.

శిక్షణ పొందిన తెలుగు నిపుణులు ప్రతి ఊళ్ళో దొరకరు. దొరకనంత మాత్రాన చేతులు కట్టుకుని కూర్చోవలసిన పని లేదు. గోవాలోను, పాకిస్తాన్‌లోని రావల్పిండిలోను 65 మంది పిల్లలతో ఒక ప్రయోగం చేశారు. దాని ఫలితాలు 2016లో వచ్చాయి. పెద్ద డిగ్రీలు లేని ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి, వారి ద్వారా తల్లిదండ్రులకు బిడ్డతో ఆడే, స్పందించే పద్ధతులు నేర్పారు. తల్లీబిడ్డల మధ్య రాకపోకలు మెరుగుపడ్డాయి. ఆనాటి మిసిసిపి రైతు తనకు తెలియకుండా చేసింది కూడా ఇటువంటిదే.

మన సంఘాలకు సొంత గదులున్నాయి. ఉగాదికి కవి సమ్మేళనం, సంక్రాంతికి ముగ్గుల పోటీ జరుపుతున్నాము. నెలకొక ఆదివారం ఉదయం రెండు గంటలు ఆ గదిని ఈ కుటుంబాలకు ఇస్తే ఖర్చేమీ ఉండదు. మైకు పెట్టకూడదు, పెద్ద చప్పుడు ఈ పిల్లలకు బాధ. ఉపన్యాసాలు వద్దు. రాష్ట్ర భాష బాగా వచ్చిన ఒకరు దరఖాస్తులు నింపిపెట్టి, ధ్రువపత్రం కోసం ఆఫీసుకు తోడు వెళితే చాలు. రిటైరైన టీచరమ్మ ఒకరు పిల్లలతో కూర్చుంటే ఆ తల్లులు తమలో తాము ఒక గంట తెలుగులో మాట్లాడుకుంటారు. లండన్‌లోను టీనెక్‌లోను మొదటి రోజు జరిగింది కూడా అంతకంటే ఎక్కువేమీ కాదు.

మీ ఊరి సంఘం గది తాళంచెవి ఎవరి దగ్గర ఉందో ఈ వారం కనుక్కోండి.